ఆగిపోతే బాగుండును

ఇంకా ఆగలేదు. తెర మీద మరో 'ఉన్నా' పడింది, దాని కింద ఇంకోటి, నల్లటి తెర అడుగున పుట్టిన తెల్లటి మాట ఒక్కో మెట్టు పైకి పాకి అంచు దాటి మాయమైపోతోంది, అక్క మాత్రం కుర్చీ చివర కూర్చుని, చేతులు తొడల కింద అదిమిపెట్టుకుని, ఆగిపో, ఒక్కసారి ఆగిపో, నీకు పుణ్యముంటుంది, అని ఆ యంత్రాన్ని లోలోపల బతిమాలుకుంటోంది. ఆమెకి ఇలాంటి కోరిక పుట్టడమే విడ్డూరం. యంత్రాలు ఆగిపోకుండా చూడడం ఆమె ఉద్యోగం. అవి ఆగిన ప్రతిసారీ ఊరందరి తిట్లూ తిన్నది, సెలవు లేదు ఆదివారం లేదు అని పరుగెత్తుకొచ్చింది, బిగుసుకుపోయిన తెరను చూస్తే పసిపిల్లకి జ్వరమొచ్చినట్టు ఆమె ప్రాణం కొట్టుకుంటుంది. అలాంటి మనిషి ఇవాళ పట్టపగలు, అందరూ భోజనాలకి దిగిన వేళ చూసుకుని, చలిపుట్టే ఈ ల్యాబులో ఒంటరిగా కూర్చుని, శుభ్రంగా నడుస్తున్న యంత్రం చావుని కోరుకుంటోంది. ఎవరైనా వింటే నవ్విపోతారు. వినడానికి ఎవరూ లేరు, గోడవారగా బీరువాల్లా నిలబడ్డ సర్వర్లూ వాటి పంకాల రొదా తప్ప.

అక్క అంటే ఆమె అందరికీ అక్కే. ఆ పేరు పెట్టింది తమ్ముడు. చేరిన మొదటి రోజే హాలు ఆ చివర నుంచి ఈ చివరికి "అక్కా, టీకొస్తావా" అని కేకేశాడు, తలలన్నీ ఒక్కసారి లేచాయి, ఆమె సిగ్గుతో చచ్చిపోయింది, ఆఫీసులో అక్కేంట్రా వెధవా అని మెట్ల దగ్గర చెవి మెలిపెట్టింది, అయినా అప్పటికే ఆలస్యమైపోయింది, సాయంత్రానికి పక్కసీటు పిల్ల అక్కా అంది, వారం తిరిగేసరికి రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పై అధికారి అంతటివాడు "అక్కగారూ, ఆ రిపోర్టు చూశారా" అన్నాడు. ఇప్పుడు ఆ కేకేసినవాడు లేడు. అందరూ ఆ పిలుపు మాత్రం వాడుకుంటున్నారు, వాడుకున్న ప్రతిసారీ ఎక్కడో ఒక చిన్న ముల్లు గుచ్చుకుంటుంది, ఆమె పలుకుతుంది, పలక్క ఏం చేస్తుంది.

పొద్దున పెద్దాయన ఫోన్ చేశాడు. యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రామైన కెర్నెల్లో మెమరీ పంచిపెట్టే భాగానికి ఆయన కాపలాదారు. ఎక్కడెక్కడివాళ్ళో రాసి పంపే మార్పుల్లో ఏది లోపలికి పోవాలో, ఏది గుమ్మం బయటే ఉండాలో ఆయన చెప్పాలి. మెయిళ్ళలో ఆయన నోటికి జడవనివాళ్ళు లేరు, ఒక్క వాక్యంతో మనిషిని కడిగి ఆరేస్తాడని పేరు. పెద్దాయన అన్న పేరూ తమ్ముడు పెట్టిందే. అలాంటివాడు ఎన్నడూ లేనిది ఫోన్ చేసి, గొంతు తగ్గించి, దగ్గి, "చూడమ్మా, కొత్త కెర్నెల్ విడుదలకి ఇవాళే ఆఖరు. మీ తమ్ముడి పని ఉంటే యంత్రాలు బిగుసుకుపోతున్నాయని మూడు చోట్ల నుంచి కబురొచ్చింది. తప్పెక్కడుందో నీకూ దొరకలేదు, నాకూ దొరకలేదు. తీసేద్దాం. నువ్వు చెయ్యక్కర్లేదు, నేను తీస్తాను," అన్నాడు. ఒక్క గంట ఇవ్వండి సార్, అంది. వాడి పని తీసేసిన కెర్నెల్ని ఇక్కడ ఇదే భారంతో గంటసేపు నడుపుతాను, అది కూడా ఆగిపోతే తప్పు వాడిది కాదు, ఇంకెక్కడో ఉందని అర్థం, అప్పుడు ఉంచేస్తారా? "అలా జరిగితే నేనే ఉంచుతాను. కానీ ఆశ పెట్టుకోకమ్మా," అన్నాడు. పెట్టుకోవద్దంటే ఆగేదా అది.

ఉన్నా. ఉన్నా. వాడి పని ఉన్న కెర్నెల్ అయితే ఈపాటికి అరగంట తిరక్కుండానే బిగుసుకుపోయేది. నిన్నా అంతే, మొన్నా అంతే. ఇది వాడి పని లేనిది. ఇది పోవాలి. పోతే వాడు మిగులుతాడు.

ఇంతా చేసి వాడు చేసిన పనేమిటంటే బయటివాళ్ళకి చెప్పడానికే నోరు తిరగదు. యంత్రం గుండెకాయలాంటి కెర్నెల్లో చిన్నచిన్న కాపలా ప్రోగ్రాములు తిరుగుతుంటాయి, వచ్చేదేమిటి పోయేదేమిటి అని లెక్క చూస్తుంటాయి. వాటిని ముందే తయారుచేసి పెట్టరు, అవసరం పడ్డప్పుడు అప్పటికప్పుడు యంత్రం భాషలోకి మార్చి ఒక చోట కూర్చోబెడతారు. ఆ చోటు పంచడంలోనే ఉంది దుబారా అంతా. చిటికెడంత ప్రోగ్రాముకి కూడా మెమరీలో పేజీ అనే గడి ఒకటి మొత్తంగా రాసిచ్చేవాళ్ళు, అది ఒక మూల ముడుచుక్కూర్చునేది, మిగతాదంతా పాడుబడ్డ ఇల్లే. పైగా భద్రత కోసం, రాసేచోట నడవకూడదు, నడిచేచోట రాయకూడదు అని ఒక నియమం. ఆ నియమం కోసమని పెద్దపెద్ద పేజీలను చిన్నచిన్న ముక్కలు చేసేవాళ్ళు, ముక్కలెక్కువై ఏది ఎక్కడుందో వెతుక్కోలేక యంత్రం మొత్తం నత్తనడక నడిచేది. ఎందరో చూశారు, ఏం చేస్తాంలే అని ఊరుకున్నారు. తమ్ముడు ఊరుకోలేదు. ఒకే పెద్ద పేజీ తీసుకుని, ఆ చిన్నవాటన్నిటినీ అందులో పక్కపక్కన ఒద్దికగా సర్దేద్దాం అన్నాడు.

ఆ ఆలోచన వాడికి చదువు వల్ల రాలేదు, అమ్మ వల్ల వచ్చింది. అమ్మ బట్టలు కుట్టేది. నాన్న ముఖం తమ్ముడికి గుర్తుకూడా లేదు, ఆ ఒక్క గదిలో ముగ్గురూ, మిషనూ, కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళ బట్టల మూటలూ. నేల మీద పెద్ద గుడ్డ పరిచి, సుద్దముక్కతో గీతలు గీసేముందు అమ్మ దాని చుట్టూ మోకాళ్ళ మీద తిరిగేది, కాగితం నమూనాల్ని ఇటు జరిపి, అటు తిప్పి, చెయ్యి ముక్క సందులో కాలరు ముక్క దూర్చి, కాలరు పక్కన జేబు, జేబు మూలన పట్టీ, ఇంత గుడ్డలో ఇన్నెలా పట్టాయే అని పక్కింటావిడ ముక్కున వేలేసుకునేలా. పిల్లలిద్దరూ మంచమెక్కి చూసేవాళ్ళు, నేల మీద చోటుండేది కాదు కనుక. పాదం జారి వాడు ఒకసారి పరిచిన గుడ్డ మీద పడ్డాడు, కాగితాలన్నీ చెదిరిపోయాయి, అమ్మ కొట్టడానికి చెయ్యెత్తి, వాడి బిక్కమొహం చూసి నవ్వేసి, అయితే నువ్వే సర్దు అంది. వాడు సర్దాడు. అమ్మ కంటే ఒక పట్టీ ఎక్కువే పట్టించాడు, లేదా అమ్మ అలా పట్టనిచ్చిందో, ఎవరికి తెలుసు. ఆ తర్వాత ఇంట్లో దేనికైనా అదే మాట, మీ సర్దుడు అయ్యగారిని పిలవండి, పెట్టెలో బట్టలు పట్టట్లేదు.

వాడు రాసి పంపిన మొదటిసారి పెద్దాయన కడిగి ఆరేశాడు. రెండోసారి కూడా. ఈ పనిలో అదొక తంతు, ఒకసారి రాసి పంపితే అయిపోదు, లోకంలో ఉన్నవాళ్ళందరూ చదివి, ఈ వరుస ఎందుకు, ఆ పేరు బాగాలేదు, ఇక్కడ నువ్వు అనుకున్నట్టు జరక్కపోతే ఏం చేస్తావు అని గుచ్చిగుచ్చి అడుగుతారు, మళ్ళీ రాయాలి, మళ్ళీ పంపాలి. తమ్ముడి తల ప్రాణం తోకకొచ్చింది. తిట్టినప్పుడల్లా ఆమె బల్ల దగ్గరికొచ్చి, "అక్కా, పెద్దాయన ఇవాళ నన్ను మనిషి కింద జమకట్టలేదు" అని, తిట్టు గట్టిగా చదివి వినిపించి, ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వి, మళ్ళీ వెళ్ళి కూర్చుని రాసేవాడు. ఆ రోజుల్లో రాసిందే ఈ పరీక్ష కూడా. యంత్రం మీద మోయలేనంత బరువు పెడుతుంది, వందలకొద్దీ చిన్న ప్రోగ్రాముల్ని పుట్టిస్తుంది, చంపుతుంది, వాటి చోట్లో కొత్తవాటిని పెడుతుంది, మధ్యమధ్యలో యంత్రం బతికుందో లేదో తెలియడానికి ఒక మాట అచ్చువేస్తుంది. మిగతావాళ్ళయితే 'సరే' అనో, ఊరికే చుక్కలో పెట్టుకుంటారు. వీడు 'ఉన్నా' అని పెట్టాడు. బళ్ళో హాజరు పిలిస్తే అందరూ 'ప్రెజెంట్ సార్' అంటే వీడు 'ఉన్నా' అని రాగం తీసి రోజూ బెంచీ ఎక్కేవాడు, ఆ బుద్ధి పోలేదు. ఇదేం మాటరా, పెద్దాయన చూస్తే చంపేస్తాడు అంది అక్క. "పంపేటప్పుడు మార్చేస్తాలే," అన్నాడు. మార్చలేదు. ఇక్కడి ల్యాబులో మిగిలిపోయింది.

ఉన్నా. ఉన్నా. ఉన్నా.

వాడి గొంతుతో వినపడుతోంది, ఏం చెయ్యను, అనుకుంది అక్క. కళ్ళు మూసుకుంటే పంకాల రొదలో ఇంకా బాగా వినపడుతోంది. ఇలాగే కూర్చుంది ఆమె ఒకసారి, సరిగ్గా ఇలాగే, చేతులు తొడల కింద పెట్టుకుని, తెర ముందు. అప్పుడా తెర మీద అక్షరాలు లేవు, ఆకుపచ్చ గీత ఒకటి లేస్తూ పడుతూ ఉండేది. తమ్ముడు టీ యంత్రం దగ్గర నిలబడి కప్పు పట్టుకుని ఎవరితోనో ఏదో చెబుతూ చెబుతూ కూలిపోయాడు, తలలో నరం చిట్లిందన్నారు, ఎవరికీ ఏమీ అర్థం కాకుండానే ఐసీయూ, గాజు తలుపు, చెప్పులు బయట విప్పండమ్మా అన్న నర్సు. అప్పుడు కూడా భోజనాల వేళే. అమ్మ బయట బెంచీ మీద, లోపలికి ఒక్కరినే రానిచ్చారు. ఆమె ఆ గీత మీంచి చూపు తిప్పలేదు, తిప్పితే ఆగుతుందేమోనని. ఆగకు, ఆగకురా, చిన్నోడా, ఆగకు. అప్పుడే జేబులో ఫోను గుర్రుమంది, పెద్దాయన మెయిలు, ఇన్నిసార్లు తిప్పికొట్టినవాడు ఒకే ఒక్క మాట రాశాడు, తీసుకున్నాను, అని. ఆమె వంగి వాడి చెవిలో, "తీసుకున్నార్రా. పెద్దాయన తీసుకున్నాడు. విన్నావా?" అంది. విన్నాడో లేదో ఆ గీత ఏమీ చెప్పలేదు. లేచిపడే తీరు మారిందేమోనని చాలాసేపు చూసింది, మారినట్టే అనిపించింది, మారలేదనీ అనిపించింది. మర్నాడు గీత ఆగింది. అప్పుడు ఆగొద్దని అన్ని మొక్కులు మొక్కితే ఆగిన యంత్రాలు, ఇప్పుడు ఆగమని కాళ్ళావేళ్ళా పడుతుంటే ఆగవు. ఎవరి కోసం నడుస్తాయివి?

అమ్మకి అలా చెప్పకుండా ఉండాల్సింది. చెప్పకపోతే అమ్మ బతికేది కాదు, అది వేరే సంగతి. అమ్మ మిషను మీద గుడ్డ కప్పేసి, గోడకి తిరిగి పడుకుని, పెట్టింది తినక, పలకరిస్తే పలక్క, రోజుకింత కరిగిపోతుంటే చూడలేక ఒక మధ్యాహ్నం అక్క పక్కన కూర్చుని అమ్మ ఫోను చేతిలోకి తీసుకుని, "అమ్మా, ఇటు చూడు. చిన్నోడు రాసింది దీన్లో ఉంది. నీ సర్దుడే, గుడ్డ మీద ముక్కలు సర్దినట్టు. ఇప్పుడు నువ్వు ఎవరికి ఫోన్ చేసినా వాడు సర్దినదాని మీద నుంచే పోతుంది," అంది. అమ్మ చాలాసేపటికి ఇటు తిరిగింది. ఫోను తీసుకుని, వెనక్కి తిప్పి చూసి, చీర చెంగుతో తుడిచింది. "దీన్లోనేనా? నీదాంట్లో?" నాదాంట్లోనూ ఉంది. "ఎదురింటివాళ్ళదాంట్లో?" కొత్తదయితే ఉంటుందమ్మా. మర్నాడు మిషను మీది గుడ్డ తీసింది. ఆ తర్వాత ఇక ఆగలేదు ఆవిడ, బిల్లు కొట్టే యంత్రం కనపడితే చాలు, బస్సులో టిక్కెట్టు యంత్రం కనపడితే చాలు, ఇందులో కూడా ఉందా అని అడగడమే, అక్క పరువు తీయడమే. బ్యాంకులో ఒకసారి వరసలో నిలబడి, కౌంటర్లో అమ్మాయితో, "జాగ్రత్తగా నొక్కమ్మా, అందులో మా అబ్బాయి పనుంది," అంది. ఆ పిల్ల బిత్తరపోయి అక్క వంక చూసింది. అక్క అవునన్నట్టు తలూపింది. ఏమని కాదంటుంది.

ఇప్పుడు అమ్మకి ఏం చెప్పాలి. పోయాడు, మళ్ళీ పోయాడు అనా. ఒక మనిషికి ఒకసారే పోవడం ఉంటుందనుకుంది ఇన్నాళ్ళూ.

తప్పెక్కడుందో తెలిస్తే బాగుచేసేది. రెండు నెలలుగా అదే పని, తిండి దగ్గరా అదే, స్నానం దగ్గరా అదే. ఒక ప్రోగ్రాము పని అయిపోతే దాని చోటు ఖాళీచేసి ఇంకోదానికి ఇవ్వాలి. ఇచ్చేముందు పాతదాన్ని తుడిచి, దారితప్పి ఎవరైనా అందులోకి వస్తే అక్కడికక్కడే ఆగిపోయేలా ఆగు, ఆగు అని నింపాలి. తుడిచేముందు లోపల ఎవరూ లేరని, అందరూ బయటికి వచ్చేశారని తేలేదాకా వేచి చూడాలి. వాడు అన్నీ చేశాడు. వరుసవరుసా చూసింది, అన్నీ ఉన్నాయి, వేచి చూడడం ఉంది, తుడవడం ఉంది, నింపడం ఉంది, అయినా ఎప్పుడో ఒకప్పుడు, భారం పెరిగిపోయినప్పుడు, ఎవరో ఒకరు ఇంకా లోపలే ఉండగా చోటు చేతులు మారిపోతోంది. ఎవరది, ఏ దారిన లోపలికొచ్చారు. మూడుసార్లు దొరికిందనుకుంది, మూడుసార్లు సరిచేసింది, మూడుసార్లూ యంత్రం బిగుసుకుపోయింది. వాడుంటే ఒక పూటలో పట్టేవాడు. పక్కన కుర్చీలో తలకిందులుగా కూర్చుని, కాళ్ళు గోడకి పెట్టి, పైకప్పు చూస్తూ, ఉండక్కా ఉండు, ఇప్పుడు నేను ప్రోగ్రామునని అనుకో, నన్ను పొమ్మన్నారు అనుకో, అని మొదలుపెట్టేవాడు. వాడి కోడు చదవడమంటే వాడి పక్కన కూర్చోవడమే, ఈ రెండు నెలలూ అందుకే అంత పట్టు పట్టిందేమో, తప్పు వెతకడానికి కాదేమో. ఆ మాట తోచగానే కళ్ళు చెమ్మగిల్లాయి, తుడుచుకోలేదు, ఎవరున్నారని.

గోడ మీద గడియారం వంక చూసింది. గంటలో ఇక మిగిలింది కొంచెమే. తెర దగ్గరికి జరిగింది. కీబోర్డు చేతికందే దూరంలోనే ఉంది, ఆ మాటకొస్తే యంత్రం వెనక కరెంటు తీగ కూడా. ఒక్క మీట. అంతే కదా. అది నొక్కితే కెర్నెల్ బొక్కబోర్లా పడుతుంది, అలా పడగొట్టే పద్ధతి ఆమెకి తెలిసినంతగా ఈ భవనంలో ఎవరికీ తెలియదు, లోపల రాసిపెట్టిన ఆనవాళ్ళు ఎలా ఉండాలో అలా మార్చిపెట్టడమూ తెలుసు. పెద్దాయన అడగడు. ఆమె మాటని ఆయన ఎన్నడూ అనుమానించలేదు. ఆగిపోయింది సార్, వాడిది కాదు తప్పు, అంటే చాలు, ఆయన కూడా ఊపిరి పీల్చుకుంటాడు పాపం. చెయ్యి తొడ కింద నుంచి బయటికొచ్చింది. మీట మీద వేలు పెట్టింది, నొక్కలేదు, ఊరికే పెట్టింది, చల్లగా ఉంది. ఎక్కడో ఏ ఆసుపత్రిలోనో ఆకుపచ్చ గీత గీసే యంత్రంలోకి కూడా ఈ కెర్నెల్ పోతుంది, దాని ముందు ఎవరి అక్కో కూర్చుని ఉంటుంది. అది నిజమే, ఆ ఆలోచన వచ్చిన మాట నిజమే, కానీ ఆమె చెయ్యి ఆగింది దానికి కాదు. తెర మీద మళ్ళీ పడింది, ఉన్నా, అని. అలా అంటున్నదాని నోరు తన చేత్తో నొక్కడం ఆమె వల్ల కాలేదు. వేలు తీసేసింది.

గంట అయిపోయింది. యంత్రం ఆగలేదు. ఇంకొంచెంసేపు చూసింది, ఆశ చావక. ఇంకా కొంచెంసేపు. భోజనాల నుంచి మనుషులు తిరిగొస్తున్న చప్పుడు, తలుపులు, నవ్వులు, ఎవరో ఎవరినో ఏడిపిస్తున్నారు. యంత్రం తొణక్కుండా నడుస్తోంది, మోయలేనంత బరువు మోస్తూ ఏమీ ఎరగనట్టు. వాడు లేకుండా హాయిగా ఉంది. వాడు రాకముందు ఎలా ఉండేదో అలాగే ఉంది. ఈ లోకం మీద ఆమెకున్న కోపమంతా ఆ ఒక్క పెట్టె మీదికి మళ్ళింది, తంతే బాగుండుననిపించింది, తన్నలేదు, ఏడ్చింది. నోరు కొంగుతో నొక్కుకుని, పంకాల రొద ఉంది కనుక ఎవరికీ వినపడదన్న ధైర్యంతో, చాలాసేపు.

తర్వాత ముఖం కడుక్కొచ్చి తన బల్ల దగ్గర కూర్చుని వాడి పనిని తీసేసే మార్పు రాసింది. పెద్దాయన చేస్తానన్నాడు, వద్దనుకుంది. ఒకరి పనిని తీసేసేటప్పుడు ఎందుకు తీస్తున్నదీ రాయాలి, దాచకూడదు, మెత్తబరచకూడదు. అలా రాసింది: ఇది ఉంటే భారం పెరిగినప్పుడు యంత్రం ఆగిపోతోంది, ఇది లేకపోతే ఆగడం లేదు, కారణం తెలియలేదు. మూడు వాక్యాలు. వాటిలో వాడెంత మంచివాడో లేదు, ఉండకూడదు. పంపబోతే ఎవరెవరికి వెళ్ళాలో పంపే ప్రోగ్రాము దానంతటదే పేర్లు పట్టుకొచ్చింది, అది దాని పద్ధతి, ఎవరి పని తీస్తున్నామో వాళ్ళకి ముందు తెలియజెయ్యాలి, అందుకని అన్నిటికంటే పైన వాడి పేరు, వాడి చిరునామా. తుడిచేద్దామని వేలు వెళ్ళింది. ఎందుకు తుడవాలి, తెలియజెయ్యాలి కదా, మర్యాద మర్యాదే. ఉంచి పంపించింది. కాసేపటికి పెద్దాయన నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది, తీసుకున్నాను, అని.

ఫోన్ మోగింది. అమ్మ. ఎత్తకూడదనుకుంటూనే ఎత్తింది. వెనకాల మిషను చప్పుడు.

"ఏమే, పనిలో ఉన్నావా? ఇదేదో అడుగుతోందే, కొత్తదొచ్చింది, వేసుకుంటావా అంటోంది. నొక్కనా?"

"నొక్కమ్మా," అంది అక్క, ఎవరడిగినా చెప్పే జవాబే. నొక్కండి, వెంటనే నొక్కండి, ఆలస్యం చెయ్యకండి అని ఊరందరికీ చెప్పే నోరది.

"నొక్కితే చిన్నోడిది పోదు కదా?"

"ఈసారికి పోదమ్మా."

అటువైపు మిషను ఆగింది.

"ఈసారికంటే?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. అమ్మ నమ్ముతుంది, బ్యాంకులో పిల్ల ముందు తలూపినట్టు ఊపేస్తే సరిపోతుంది, అమ్మకి తెలిసే దారి ఏదీ లేదు. అయినా అక్క నోట్లోంచి నిజమే వచ్చింది. "తర్వాత వచ్చేదాంట్లో ఉండదమ్మా. వాడు రాసినదాంట్లో ఎక్కడో తప్పుంది. ఎంత వెతికినా దొరకలేదు. తీసెయ్యాల్సొచ్చింది. ఇందాకే తీశాను."

"నువ్వే తీశావా?"

"నేనే."

అటు కత్తెర కింద పెట్టిన చప్పుడైంది.

"పోన్లే. పరాయివాళ్ళ చెయ్యి పడలేదు." అంది అమ్మ. "తప్పంటే, ఏం చేస్తుందే అది?"

"ఎప్పుడైనా ఒకసారి ఆగిపోతుందమ్మా. బిగుసుకుపోతుంది. ఏం నొక్కినా పలకదు."

"నాది బిగుసుకుపోతుంటుందే అప్పుడప్పుడూ. మొన్న నీతో మాట్లాడుతుంటే ఆగిపోయింది చూడు." అమ్మ మెల్లిగా అడిగింది. "అది వాడేనా?"

కావచ్చు, అంది అక్క. అయ్యుండొచ్చమ్మా.

"అయితే ఇక దీన్ని ముట్టుకోను. ఇప్పుడూ నొక్కను, తర్వాత వచ్చేదీ నొక్కను."

"పాతబడిపోతుందమ్మా. ఆగిపోతూ ఉంటుంది."

"ఆగితే ఆగనీవే," అంది అమ్మ.